ఇష్టం ఉంది, కదలిక లేదు: ఒక నిరాసక్తత కేసు

నేపథ్యం

ఆమెకు 46 ఏళ్లు. ఇంట్లో ఉండి పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చి రాస్తున్నాం.

మొదటిసారి వచ్చినప్పుడు డిప్రెషన్, దానితో పాటు తీవ్రమైన ఆందోళన ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, కారణం లేని ఏడుపు, డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో 27కి 19. సెరొటోనిన్ మీద పనిచేసే ఎస్సిటలోప్రామ్ అనే మందు 10 మి.గ్రా. మొదలుపెడితే ఆరు వారాల్లో సగం మేలు కనిపించింది. 15కి పెంచాక మరో ఐదు వారాల్లో స్కోరు 4కి దిగింది. ఇరవైల్లో కూడా ఒకసారి ఇలాగే జరిగిందట, అప్పుడు చికిత్స తీసుకోలేదు. అంటే ఇది రెండోసారి. అందుకే తగ్గగానే మందు ఆపకుండా రెండేళ్లపాటు కొనసాగించాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆమె అక్క కూడా ఇదే మందు 20 మి.గ్రా. చొప్పున ఏళ్లుగా వాడుతోంది, ఏ ఇబ్బందీ లేదు. ఈ చివరి వివరం అప్పట్లో నోట్సులో ఒక మూలన పడి ఉంది.

వచ్చిన సమస్య

పూర్తిగా తేరుకున్న 14 నెలలకు భర్త వెంటబెట్టుకొచ్చాడు. "మళ్లీ మొదలైనట్టుందండీ. లేదంటే బద్ధకమైనా అయ్యుండాలి" అన్నాడు. నాలుగైదు నెలలుగా పని ఒప్పుకుంటుంది, మొదలుపెట్టదు. ఫోన్లు ఎత్తదు. సరదాకి వేసుకునే నీటిరంగుల జోలికే పోవడం లేదు.

"బాధగా ఉంటోందా అమ్మా?"

"లేదండీ. అదీ లేదు."

"బొమ్మలంటే ఇష్టం పోయిందా?"

"పోలేదండీ. మా అమ్మాయి కాగితం, రంగులు, గిన్నెలో నీళ్లు తెచ్చి ముందు పెడితే వేస్తాను. వేస్తున్నంతసేపూ బాగుంటుంది. ఆ నీళ్లు నేనే లేచి తెచ్చుకోవాలంటే మాత్రం... కుర్చీలోంచి ఆ గిన్నె వైపు చూస్తూ కూర్చుంటాను."

ఈ జవాబులోనే రోగనిర్ధారణ సగం ఉంది. ఆ రోజు దాన్ని రాసుకున్నాం గానీ చదవలేదు.

పీహెచ్‌క్యూ-9 మొత్తం 9 వచ్చింది. అంతకుముందు 4 ఉన్నది 9 అయిందంటే జబ్బు తిరగబెడుతోందని ఎవరైనా అనుకుంటారు. విడివిడిగా చూస్తే కథ వేరు. ఆసక్తి ప్రశ్నకు 3, నీరసానికి 2, ఏకాగ్రతకు 2, నిద్రకు 1, మందకొడితనానికి 1. దిగులుగా ఉందా అన్న రెండో ప్రశ్నకు సున్నా. తనను తాను నిందించుకోవడానికీ సున్నా. మొదటిసారి ఈ రెండింటికీ ఆమె మూడేసి వేసింది. తిరగబెట్టే డిప్రెషన్ చాలామందిలో పాత మొహంతోనే వస్తుంది. ఈమెకు మూడింటి మెలకువ లేదు, ఏడుపు లేదు. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇవేవీ కనపడవు.

మొదటి నిర్ణయం, మొదటి తప్పు

15 నుంచి 20 మి.గ్రా.కు పెంచాం. పాత జబ్బు చరిత్ర ఉంది, స్కోరు పెరిగింది, పైగా 20 అనుమతి ఉన్న మోతాదే. ఆలస్యం చేస్తే ఆమె మళ్లీ 19 దగ్గరికి పోతుందేమోనన్న భయం కూడా ఉంది. లెక్క తప్పు కాదు, కానీ తప్పు జబ్బుకు వేసిన లెక్క.

నాలుగు వారాలకు స్కోరు 12. దిగులు ప్రశ్నకు ఇప్పటికీ సున్నాయే. ఈ మధ్యలో దగ్గరి బంధువు పోయారు. "అందరూ ఏడుస్తున్నారు. నాకు కన్నీరు రాలేదు. రాలేదని బాధ కూడా కలగలేదు" అంది. మోతాదు పెంచాక ఏడుపు పోవడం, దానితో పాటే కదలిక పోవడం: ఇది జబ్బు తిరగబెట్టిన తీరు కాదు, మందు ప్రభావం ఉండే తీరు. సెరొటోనిన్ మందులతో వచ్చే ఈ నిరాసక్తతను వైద్య పత్రికలు 1990 నుంచే నమోదు చేస్తున్నాయి. మోతాదుతో పాటు పెరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. నెమ్మదిగా వస్తుంది కాబట్టి రోగి "నా స్వభావమే ఇంత" అనుకుంటాడు, వైద్యుడు "జబ్బే తిరిగొచ్చింది" అనుకుంటాడు. ఇద్దరూ కలిసి మందు పెంచుకుంటారు.

మెదడులో ఏం జరుగుతుందో కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

ఇష్టపడటం, కోరి కదలడం వేర్వేరు పనులు. డోపమైన్ అంటే ఆనందపు రసాయనం అన్న మాట అందరి నోళ్లలోనూ నానుతోంది గానీ ప్రయోగాలు చెప్పేది అది కాదు. బెరిడ్జ్, రాబిన్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా నాశనం చేసి చూశారు. తీపి నాలుక మీద పడితే ఆ ఎలుకలు మామూలు ఎలుకల్లాగే ఆస్వాదించాయి. కానీ తిండి కోసం కదలవు. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో సాలమోన్ బృందం చేసిన ప్రయోగం ఈ కేసుకు ఇంకా దగ్గర. ఇంగ్లీషు 'T' అక్షరం ఆకారపు దారిలో ఒక పక్క 4 తిండి గుళికలు, కానీ అడ్డంగా 44 సెంటీమీటర్ల కంచె. రెండో పక్క అడ్డేమీ లేదు, 2 గుళికలే. మామూలు ఎలుక కంచె ఎక్కి నాలుగూ తింటుంది. మెదడులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట డోపమైన్ తగ్గించిన ఎలుక రెండింటితో సరిపెట్టుకుంటుంది. తినే ఇష్టం అలాగే ఉంది. మారిందల్లా, ఈ ప్రతిఫలం ఇంత శ్రమకు తగునా అన్న బేరం.

అదే ప్రయోగంలో ఇంకో మలుపు ఉంది. కంచె లేని పక్కన గుళికలు అసలు పెట్టకపోతే ఆ ఎలుకలే కంచె ఎక్కుతాయి. అంటే ఎక్కలేక కాదు. ఈమె భర్త చెప్పిన "సాక్ష్యం" కూడా సరిగ్గా ఇదే. ఎడిటరు ఫోన్ చేసి రేపటికల్లా కావాలంటే రాత్రికి రాత్రే పూర్తి చేసేది. "చూశారా, చేయగలదు. మిగతా రోజుల్లో చేయదంతే" అనేవాడు. వేరే దారి లేనప్పుడు చేయగలగడం ఆరోగ్యానికి గుర్తూ కాదు, సోమరితనానికి రుజువూ కాదు. తేలిక దారి ఒకటి తెరిచి ఉన్నప్పుడు మనిషి ఏది ఎంచుకుంటుందన్నదే ఇక్కడ కొలత.

ఇక సెరొటోనిన్ మందుకు దీనితో సంబంధం ఏమిటి? సెరొటోనిన్ తన 2సీ రకం గ్రాహకాల ద్వారా డోపమైన్ న్యూరాన్లకు బ్రేకు వేస్తుంది. ఆందోళన తగ్గించిన మందే కొందరిలో ఈ బ్రేకును కూడా గట్టిగా తొక్కుతుందన్నది ఎక్కువగా వినిపించే వివరణ. ఇదొక్కటే దారి కాకపోవచ్చు గానీ చికిత్స ఎటు వెళ్లాలో చెప్పడానికి ఇది చాలు.

తర్వాత ప్రయత్నించినవి

డోపమైన్ తగ్గితే డోపమైన్ పెంచే మందు ఇవ్వాలి, అంతేగా అనిపిస్తుంది. బుప్రోపియాన్ ఎక్స్‌ఎల్ 150 మి.గ్రా. పొద్దున పూట కలిపాం. మొదలుపెట్టే ముందు అడగాల్సినవి అడిగాం: ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, తలకు పెద్ద దెబ్బ తగిలిందా, బులీమియా, అనొరెక్సియా లాంటి తిండి రుగ్మతలున్నాయా, మద్యం ఎక్కువగా తాగి ఉన్నట్టుండి మానేసే అలవాటుందా. ఏవీ లేవు. అయినా పన్నెండో రోజుకే ఆపాల్సి వచ్చింది. చేతుల వణుకు, రాత్రి రెండు దాకా నిద్ర లేకపోవడం, పాత గుండెదడ. అసలు జబ్బులో ఆందోళన పాలు ఎక్కువగా ఉన్నవారిలో ఇలా జరగొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. బుప్రోపియాన్ కలిస్తే రక్తంలో సిటలోప్రామ్ పెరుగుతుందని తెలిసిందే, ఎస్సిటలోప్రామ్ దాని సోదర రూపం. బ్రేకు మీద కాలు తీయకుండానే యాక్సిలరేటర్ తొక్కాం.

రక్తపరీక్షలు అప్పుడు చేయించాం. మొదటిరోజే చేయించి ఉండాల్సింది. థైరాయిడ్, బీ12, చక్కెర మామూలుగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12.1. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ మాత్రం తక్కువ, 18. డోపమైన్ తయారీలో మొదటి మెట్టు నడిపే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైముకు ఇనుము కావాలి. పైగా ఇనుము తక్కువైతే దానంతట అదే నీరసం తెస్తుంది. ఐరన్ మాత్రలు రాశాం.

ఈలోగా ఆమె సొంతంగా ఒక పని చేసింది. మూత్రంలో "మెదడు రసాయనాలు" కొలుస్తామన్న పరీక్ష చేయించుకుని, డోపమైన్ తక్కువ అన్న రిపోర్టుతో, టైరోసిన్ (ఒంట్లో డోపమైన్ తయారయ్యే ముడిసరుకు) పొడి డబ్బాతో వచ్చింది. డోపమైన్ రక్తం నుంచి మెదడుకు గానీ, మెదడు నుంచి రక్తానికి గానీ అలా దాటిపోదు. మూత్రంలో కనపడేది చాలావరకు మూత్రపిండాలూ మిగతా శరీరమూ తయారు చేసుకున్నదే. డోపమైన్ పనిచేసే స్ట్రయేటమ్ అనే మెదడు భాగంలో ఏం జరుగుతోందో ఆ కాగితం చెప్పలేదు. పెట్ స్కాన్‌తో పరోక్షంగా అంచనా వేయొచ్చు, కానీ అది పరిశోధనశాలల్లో చేసేది, చికిత్స నిర్ణయించడానికి వాడేది కాదు. పొడి ఆపించాం. ఆ రిపోర్టు కోసం ఆమె తనంతట తాను లేచి వెళ్లిందన్న విషయాన్ని మాత్రం కొట్టిపారేయలేదు. తనలో ఏదో మారిందని ఆమెకు గట్టిగా తెలుసు.

మాత్రలతో పాటు ఒక బహుమతి పట్టిక పెట్టాం. గంట పని చేస్తే ఒక పాయింటు, వారాంతానికి పాయింట్లు లెక్కేసి తనకు నచ్చిన వస్తువు కొనుక్కోవాలి. మొదటి వారం 3 పాయింట్లు, రెండో వారం 1, మూడో వారం సున్నా. నాలుగో వారం పట్టిక కూడా నింపలేదు. ఎందుకు పనిచేయలేదో ఎలుకల ప్రయోగమే చెబుతుంది. కంచె ఎత్తు అలాగే ఉంచి, అవతల గుళికలు పెంచాం. అవి కూడా వెంటనే కాదు, ఐదు రోజుల తర్వాత ఇచ్చేవి. ఆమెకు ప్రతిఫలం చాలక కాదు కదా ఇబ్బంది.

మలుపు

ఎనిమిది వారాల ఐరన్ తర్వాత ఫెరిటిన్ 18 నుంచి 21. రోజూ వేసుకుంటున్నానంది, ఖాళీ స్ట్రిప్పులు చూపించింది. నెలసరి రక్తస్రావం ఎక్కువ లేదు. మరి ఇనుము ఎందుకు ఒంటికి పట్టడం లేదు? కడుపులో ఆమ్లం తక్కువైతే పట్టదు. అప్పుడు అడిగాం, గ్యాస్‌కు ఏమైనా వాడుతున్నారా అని.

"గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుంటానండీ, రోజూ పొద్దున్నే. అది మందేం కాదుగా."

ఒమెప్రజోల్ 20 మి.గ్రా. గుండెమంటకు ఎవరో చెబితే కొనుక్కుని, తగ్గాక కూడా ఆపలేదు. పది నెలలు దాటింది. మనసు మొద్దుబారడం మొదలైంది, అది మొదలుపెట్టిన నెలా రెండు నెలలకు.

ఎస్సిటలోప్రామ్‌ను కాలేయంలో ప్రధానంగా సీవైపీ2సీ19 అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఒమెప్రజోల్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. రోజుకు 30 మి.గ్రా. ఒమెప్రజోల్‌తో ఎస్సిటలోప్రామ్ రక్త స్థాయి సుమారు 50% పెరుగుతుందని ఆ మందు సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. అంటే 15 మి.గ్రా. మింగుతున్నప్పుడే ఆమె ఒంట్లో అంతకన్నా పెద్ద మోతాదు తిరుగుతూ ఉండాలి. దాని మీద 20 చేశాం. ఆపైన బుప్రోపియాన్. రక్తంలో స్థాయి కొలిచి ఉంటే తేలిపోయేది. పొద్దున మందు వేసుకోకముందు నమూనా తీయాలి. ఇక్కడ కొలవలేదు కాబట్టి స్థాయి పెరిగిందన్నది మా అనుమానమే, రుజువు కాదు.

"ఎన్ని మందులు వాడుతున్నారు?" అని మూడుసార్లు అడిగినట్టు నోట్సులో ఉంది. మూడుసార్లూ జవాబు ఒకటే: ఒకటి. ప్రశ్న తప్పు. ఇప్పుడు "గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, నిద్ర మాత్ర, పొడులు, ఆకుమందులు" అని పేరుపేరునా అడుగుతున్నాం.

పనిచేసింది, ఏ క్రమంలో

రెండు చోట్ల తగ్గించాలి: ఎస్సిటలోప్రామ్, ఒమెప్రజోల్. రెండూ ఒకేసారి ముట్టుకోలేదు. ఒమెప్రజోల్ ఆపడమంటే అదే ఒక మోతాదు తగ్గింపు. రెండూ కలిస్తే స్థాయి ఒక్కసారిగా పడిపోయి, తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, చిరాకు వస్తాయి. అప్పుడు అది మందు తగ్గించిన ప్రభావమా, జబ్బు తిరగబెట్టడమా అని తేల్చుకోలేక మళ్లీ మందు పెంచేస్తాం.

ముందుగా మేం పెంచింది వెనక్కి తీశాం, 20 నుంచి 15. రెండు వారాలు ఆగి ఒమెప్రజోల్ వైపు వెళ్లాం. ఆపే ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు గానీ ఆస్పిరిన్ గానీ వాడుతున్నారా? సెరొటోనిన్ మందుకు ఇలాంటి నొప్పి మాత్ర తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, అలాంటివారికి గ్యాస్ మాత్రే రక్షణ. ఈమె వాడటం లేదు. ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం ఎదురుతన్ని మంట ఎక్కువవుతుంది కాబట్టి రెండు వారాలు రోజు విడిచి రోజు వేసుకుని, ఆ తర్వాత ఆపేయమన్నాం. మంట వస్తే ఫామోటిడిన్ 20 మి.గ్రా. సిమెటిడిన్ మాత్రం వద్దన్నాం, అది కూడా ఎస్సిటలోప్రామ్‌ను పెంచుతుంది. ఎసొమెప్రజోల్‌కు మార్చుకున్నా ఇదే తంతు.

ఐదో వారంలో భర్త ఫోన్ చేశాడు, కంగారుగా: పాత ఫొటోలు చూస్తూ ఏడ్చిందట, జబ్బు తిరిగొచ్చిందా అని. వచ్చి కూర్చుంటే ఆమె కళ్లు తుడుచుకుంటూనే "చాలా రోజులైందండీ" అని నవ్వింది. నిద్ర బాగుంది, మూడింటి మెలకువ లేదు. పోయిన బంధువు కోసం ఆలస్యంగా వచ్చిన ఏడుపు అది. మందు మార్చలేదు.

భావాలు ముందు తిరిగొచ్చాయి, కదలిక వెనకబడింది. దాన్ని కొలవడానికి, మందులు తగ్గించకముందు నుంచే ఇంట్లో ఒక లెక్క పెట్టి ఉంచాం. రోజూ పొద్దున రెండు చీటీలు: ఒకదానిలో 10 నిమిషాల తేలిక పని, చిన్న ఫలితం, రెండోదానిలో 40 నిమిషాల పని, ఆమె నిజంగా కోరుకునే ఫలితం. చేసినా చేయకపోయినా ఏది ఎంచుకుందో రాయాలి. మందులు ముట్టుకోకముందు 14 రోజుల్లో పెద్దది ఎంచుకున్నది 2 రోజులు. ఒమెప్రజోల్ ఆపిన నెలకు 5 రోజులు. ఇది ప్రామాణిక పరీక్ష కాదు, ఆమెను ఆమెతోనే పోల్చడానికి మాత్రమే పనికొస్తుంది. మారిన్ 1991లో రూపొందించిన 18 ప్రశ్నల నిరాసక్తత కొలమానం పక్కన పెట్టుకున్నాం. అందులో స్కోరు 18 నుంచి 72 దాకా ఉంటుంది. ఈమెది 52 నుంచి 44కి వచ్చింది.

ఎస్సిటలోప్రామ్ ఇంకా తగ్గించాలా? రెండుసార్లు జబ్బు చేసిన మనిషి. ఇటు ముప్పుంది, అటు జీవితం ఆగిపోయి ఉంది. నిర్ణయానికి ఊతమిచ్చింది ఒక పాత విషయం: ఈ రకం మందులు కనీస చికిత్సా మోతాదులోనే సెరొటోనిన్ ట్రాన్స్‌పోర్టర్లలో (సెరొటోనిన్‌ను కణంలోకి వెనక్కి లాగేవి, ఈ మందులు అడ్డుకునేవి) దాదాపు 80% ఆక్రమిస్తాయి. ఆ పైన మోతాదు పెంచినా ఆక్రమణ కొద్దిగానే పెరుగుతుంది. కాబట్టి 15 నుంచి 10కి దిగితే రక్షణలో పోయేది మూడోవంతు కాదు, చాలా తక్కువ. నాలుగు వారాలు 12.5 (10 మి.గ్రా. మాత్రకు 5 మి.గ్రా. మాత్రలో సగం), తర్వాత 10. హెచ్చరిక గుర్తులు ఫ్రిజ్ మీద రాసి పెట్టించాం: వరసగా మూడు రోజులు మూడింటికి మెలకువ వస్తే, దిగులు ప్రశ్నకు 2 వస్తే, ఫోన్ చేయాలి.

దానితో పాటు బహుమతి పట్టిక తీసేసి కంచె ఎత్తు తగ్గించాం. రాత్రి పడుకోబోయే ముందే బల్ల మీద కాగితం అతికించి, రంగులు తెరిచి, గిన్నెలో నీళ్లు పట్టి ఉంచాలి. పొద్దున చేయాల్సింది కుర్చీలో కూర్చుని బ్రష్ తడపడం, అంతే. రెండు నిమిషాల తర్వాత లేచిపోయినా తప్పు లేదు. మొదటి వారం నాలుగు రోజులు నిజంగానే లేచిపోయింది. మూడో వారానికి కూర్చున్న రోజుల్లో సగటున 35 నిమిషాలు. రాత్రిపూట నీళ్లు పట్టడం ఆమెకు బరువనిపించలేదు, ఎందుకంటే ఆ క్షణంలో ఆ గిన్నె వెనక ఇంకే పనీ నిలబడి లేదు.

నేర్చుకున్నవి

తీరని చిక్కు ఒకటి మిగిలింది, ఆమె అడిగినదే: "మా అక్క ఇరవై వేసుకుని గంతులేస్తోందిగా?" ఎంజైము వేగం పుట్టుకతోనే మనిషి మనిషికీ వేరు. సీవైపీ2సీ19 నెమ్మదిగా పనిచేసేవారికి ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. దాటించొద్దని యూరప్‌లో మందుల సమాచార పత్రాలు చెబుతాయి. తోబుట్టువులకు కూడా ఒకే జన్యువులు రావు. అక్క గ్యాస్ మాత్ర వాడటం లేదు. రక్తంలో స్థాయి ఒకటే అనుకున్నా, శ్రమకు మెదడు వేసే విలువ అందరిలో ఒకటి కాదు. 2012లో ట్రెడ్‌వే బృందం ఆరోగ్యవంతులైన 25 మందికి పెట్ స్కాన్ తీసి, వేలితో బటన్ నొక్కే తేలిక పని, కష్టమైన పని మధ్య ఎంచుకోమంది. ఎడమ స్ట్రయేటమ్‌లో, ముందు మెదడు లోపలి భాగంలో డోపమైన్ స్పందన ఎక్కువ ఉన్నవాళ్లు, గెలిచే అవకాశం తక్కువైనప్పుడు కూడా కష్టమైన పనికే మొగ్గారు. ఇన్సులా అనే మరో మెదడు భాగంలో స్పందన ఎక్కువ ఉన్నవాళ్లు వెనక్కి తగ్గారు. అంటే డోపమైన్ ఎక్కువా తక్కువా అన్న ఒక్క ప్రశ్న చాలదు, ఎక్కడ అన్నది కూడా కావాలి. ఇది గుంపులో కనిపించే సంబంధం. ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి దీన్ని ముద్ర వేసినట్టు అంటించలేం.

మేం మార్చుకున్న పద్ధతులు చిన్నవి. మందు పెంచే ముందు పీహెచ్‌క్యూ-9 మొత్తాన్ని కాదు, మొదటి రెండు ప్రశ్నలను విడివిడిగా చూస్తున్నాం. ఆసక్తి 3, దిగులు 0 అయితే పెంచడం ఆపి "ఎవరైనా అన్నీ తెచ్చి ముందు పెడితే చేస్తారా, చేస్తే బాగుంటుందా?" అని అడుగుతున్నాం. చేస్తాను, బాగుంటుంది అంటే లోపం ఇష్టంలో లేదు. ఫెరిటిన్ లాంటి పక్క ఫలితం దొరికితే దాన్ని సరిచేసి ఊరుకోకుండా, అసలు ఎందుకు తగ్గిందో అడుగుతున్నాం.

ఏడో నెలకు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా., దిగులు సున్నా, ఆందోళన అదుపులోనే. నిరాసక్తత స్కోరు 33, పెద్ద చీటీ 14కి 9. ఐరన్ కొనసాగిస్తే ఫెరిటిన్ 46కి వచ్చింది. భర్తకు ఇంకా తృప్తి లేదు. మధ్యాహ్నం పూట పని సాగడం లేదనీ, గడువు మీదికొస్తే తప్ప చేయదనీ, మందు ఇంకొంచెం మార్చి చూడమనీ అన్నాడు. జబ్బు రాకముందు ఆమె రాసుకున్న పని పుస్తకాలు తెమ్మన్నాం. ఆరేళ్ల కిందటి పేజీల్లో కూడా మధ్యాహ్నాలు ఖాళీగానే ఉన్నాయి, బొమ్మలన్నీ గడువుకు ముందు మూడు రోజుల్లోనే పూర్తయ్యాయి. ఆ పేజీలు చూపించి, మోతాదు అలాగే ఉంచాం.